మహారాజశ్రీ హోమ్‌పేజీ స్లైడర్ గారికి

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలం తమరొక్కరిదే కనిపిస్తోంది. వెబ్‌సైట్ మొదటి పేజీ నెత్తిన ఒకదాని వెనక ఒకటి ఫొటోలు తిప్పే మిమ్మల్ని మధ్యాహ్నమంతా కూర్చుని పీకేశాను. మీ స్థానంలో ఒక్క ఫొటో, కింద రెండు లైన్లు, ఒక బటన్. పేజీ నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది, ఫోన్లో కూడా. సాయంత్రం చూద్దును కదా, మీరు మళ్ళీ గద్దె మీద ఉన్నారు. ఏమిటయ్యా అంటే "పైన మరీ బోసిగా ఉంది" అన్నారట. ఒక్క ఫొటో చాలని మీటింగులో ఊగిన తలలే ఈసారి ఐదు స్లైడ్‌లు పెట్టించాయి.

తమరి మొదటి స్లైడ్‌ని దర్శించుకున్నాను. కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించారు: 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. చూసేవాళ్ల చేతిలో ఉన్న ఫోన్ తెర వెడల్పు సాధారణంగా 1080 పిక్సెళ్లు. అదే ఫొటోని 1200 బై 800కి కుదిస్తే పిక్సెళ్లు ఇరవై అయిదో వంతుకి వస్తాయి, చూసేవాడి కంటికి తేడా ఏమీ తెలియదు. మిగతా 24 వంతులూ అంత దూరం మోసుకొచ్చింది ఫోన్ దగ్గర పారబోయడానికే. ఫైల్ సైజు చూసి "ఏడెనిమిది ఎంబీలేగా" అంటారు. పూర్తిగా విప్పితే పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన అది 96 ఎంబీల మెమరీ తింటుంది. పాత ఫోన్ ఎందుకు వేడెక్కుతోందో మరి.

సరే, బరువంటే ఎలాగోలా దించుకోవచ్చు, ఫొటో ఫైల్‌ని చిన్నది చేసే వెబ్‌పీ ఫార్మాట్ 2010 నుంచీ ఉంది, దాని తర్వాత ఏవిఫ్ కూడా వచ్చింది. నా కడుపుమంట దాని గురించి కాదు.

బ్రౌజర్ పాపం మంచిది. పేజీ కోడ్ చేతికి అందగానే ముందుకి తొంగి చూసి, ఇమేజ్ ట్యాగ్‌లో, అంటే "ఇక్కడ ఫలానా బొమ్మ పెట్టు" అని కోడ్‌లో నేరుగా రాసేచోట, ఏ బొమ్మ ఉన్నా వెంటనే తెప్పించడం మొదలుపెడుతుంది. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, తమరు ఇమేజ్ ట్యాగ్‌లో ఉండరు. ముందు ఒక లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ మూట, రావాలి. దాని వెనక తమరి స్క్రిప్ట్ రావాలి. అది లేచి, ఒళ్లు విరుచుకుని, ఖాళీ డబ్బాకి బ్యాక్‌గ్రౌండ్‌గా ఫలానా ఫొటో పెట్టమంటే, అప్పుడు గానీ ఆ ఫొటో ఒకటుందని బ్రౌజర్‌కి తెలియదు. పేజీలో అందరికంటే ముందు కనిపించాల్సింది మీరు, అందరికంటే చివర బయల్దేరేదీ మీరే. పోనీ ఇమేజ్ ట్యాగ్‌లోకి మారుద్దామని చూస్తే ఏదో ప్లగిన్ దానికీ లేజీ లోడింగ్ తగిలిస్తోంది, అంటే చూసేవాడు దగ్గరికొచ్చేదాకా బొమ్మని తెప్పించకుండా ఆపడం. లేజీ లోడింగ్ ఎక్కడో కింద ఉన్న బొమ్మల కోసం కదండీ, కళ్ల ముందున్న బొమ్మకి బద్ధకం దేనికి?

గూగుల్ వాళ్లు తెర మీద కనిపించే అతి పెద్ద అంశం 2.5 సెకన్లలోపు వస్తే బాగున్నట్టు లెక్కేస్తారు. ఆ అతి పెద్ద అంశం తమరే. పేజీ వేగం స్కోరు ఎర్రగా పడిందంటే తమరి పుణ్యమే, మాట పడేది మాత్రం సర్వర్. "హోస్టింగ్ ప్లాన్ మారుద్దామా" అని మళ్ళీ అడుగుతున్నారు. సర్వర్ చటుక్కున జవాబిచ్చి ఎప్పుడో పక్కకి తప్పుకుందండీ, దాన్ని వదిలేయండి.

ఇక మర్యాద నావల్ల కాదు. నీకు ఎత్తు ఇంత అని ముందే చెప్పరు కాబట్టి నువ్వు వచ్చేదాకా నీ చోటు సున్నా. కింద ఉన్నవన్నీ పైకి వచ్చి నిలబడతాయి. పాపం ఒకాయన ఫోన్ నంబర్ కనిపించిందని నొక్కబోతాడు, సరిగ్గా అదే క్షణంలో నువ్వు ధడేలుమని దిగి అన్నిటినీ కిందికి తోస్తావు. ఆయన వేలు నీ ఆఫర్ మీద పడుతుంది. కావాల్సిన నంబర్ దొరక్క ఆయన తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. ఆ నొక్కుడు నీ ఖాతాలో పడుతుంది. నెలాఖరు రిపోర్టులో "స్లైడర్‌కి మంచి స్పందన" అని గ్రాఫ్ గీస్తారు! సిగ్గు లేదా? కోడ్‌లో వెడల్పు, ఎత్తు అని రెండు అంకెలు రాస్తే పోయే రోగం ఇది. రెండంటే రెండే అంకెలు.

నీ తోడుదొంగల గురించి ఎక్కువ రాయను. ఒక్క హెడ్డింగ్ కోసం ఆరు మందాల్లో దిగే ఫాంట్, ఎవరూ పలకరించకుండానే "నేనేం సాయం చేయగలను" అని బుడగలోంచి తల పెట్టే చాట్, ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియని ట్రాకింగ్ స్క్రిప్ట్‌లు. "మా దగ్గర ఫాస్ట్‌గానే వస్తోందే" అనే పెద్దమనిషి సరేసరి. రోజూ అదే పేజీ, అదే వైఫై, ఫైళ్లన్నీ ఆయన బ్రౌజర్ క్యాష్‌లో, అంటే ఒకసారి దిగినవి దాచుకునే అరలో, ఎప్పుడో చేరి కూర్చున్నాయి. ఒక్కసారి ఆ దాచినవేవీ వాడని ఇన్‌కాగ్నిటో విండోలో, మొబైల్ డేటా మీద తెరవండి సార్.

నువ్వు పోవని నాకు తెలుసు. కాబట్టి బేరం. మొదటి స్లైడ్ మామూలు ఇమేజ్ ట్యాగ్‌లోకి వస్తుంది, తెరకి సరిపడా సైజులో, లేజీ లేకుండా, "ముందు దీన్నే తెప్పించు" అని బ్రౌజర్‌కి చెప్పే ఫెచ్ ప్రయారిటీ హై అని రాసి. ఎత్తు ముందే ఖాయం. మిగతా నాలుగూ పేజీ తెరుచుకున్నాకే దిగాలి. ఆ తర్వాత నీ ఇష్టం, ఎన్ని చుట్లు తిరుగుతావో తిరుగు. అన్నట్టు, ఐదో స్లైడ్‌లో ఏముందని పెట్టించినవాళ్లనే అడిగాను. చూసి చెప్తామన్నారు.