వేసవి సెలవులకు సహకరించని అండమాన్

మన పిల్లల బడులు తెరిచేది జూన్ 12న. ఈ సంగతి అండమాన్ సముద్రానికి ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికల్లా అక్కడికొచ్చి తిష్ఠ వేసేవి కావు. ఫెర్రీ రద్దయిందని తెలిసి మధ్యతరగతి తండ్రి ఒకడు జెట్టీలో సూట్‌కేసు మీద కూలబడి ఉంటే, టీవీలో మాత్రం "రుతుపవనాలు చురుగ్గా కదులుతున్నాయి" అని సంబరంగా చెబుతారు. వీళ్లు ఎవరి పక్షం?

సూర్యుడి వ్యవహారం ఇంకా దారుణం. గడియారం మనదే, ఎండ మాత్రం మనది కాదు. పొద్దున ఐదుకే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నర దాటాక కాసేపటికే పొద్దు గూట్లో పడుతుంది. హావ్‌లాక్‌లో (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా ప్యాకేజీ వాళ్లు మార్చలేదు, నేనూ వాళ్ల దారే) రాధానగర్ బీచ్ సూర్యాస్తమయానికి ప్రసిద్ధి. భోంచేసి, ఓ కునుకు తీసి, టీ తాగి, ఫొటోలకని అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని ఆరింటికి చేరేసరికి అక్కడ చీకటే ఉంటుంది. డబ్బు కట్టినవాళ్ల కోసం ఒక్క గంట ఆగలేడా?

నీల్ దీవిలో రాతి వంతెన ఉంది. దాన్ని దగ్గరికెళ్లి చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గాలట. ప్యాకేజీ కాగితంలో "ఉదయం 11 గంటలకు సహజ వంతెన" అని అచ్చులో స్పష్టంగా ఉంది. సముద్రానికి ఓ కాపీ పంపలేదా? అమావాస్య రాత్రుల్లో నీళ్లు మిణుగురుల్లా మెరుస్తాయంటే అదీ చూడబోయాం. చీకట్లో ఏమీ కనపడటం లేదని అందరూ ఫోన్ లైట్లు వేసి మరీ వెతికారు. మెరుపు మాత్రం దొరకలేదు.

సెల్యులార్ జైలు గురించి నాకు ఫిర్యాదు లేదు, పక్కవాళ్లకు ఉంది. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక కొట్లోని ఖైదీ మరొకరి ముఖం చూడకుండా, ఒక రెక్క ముందువైపు ఇంకో రెక్క వెనకవైపుకి ఎదురుగా ఉండేలా కట్టారు. అది విని ఒకాయన "వెంటిలేషన్ లేదు, పాపం" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయనే రాత్రి రిసార్ట్‌లో, ఏసీ 18లో పెట్టినా గది చల్లబడలేదని మేనేజర్‌ని గంటసేపు నిలబెట్టాడు. గదికి సముద్రం కనపడే కిటికీ లేకపోవడం అమానుషమని కూడా అన్నాడు.

ఎలిఫెంట్ బీచ్‌లో ట్యూబు పట్టుకుని నీళ్లలో ముఖం పెట్టి పగడాలు చూడొచ్చు. చూశాం. బాగున్నాయి. ఒక్కటీ ఇంటికి తెచ్చుకోనివ్వరు.

పోర్ట్ బ్లెయిర్ (2024లో దీనికీ శ్రీ విజయపురం అని పేరు మార్చారు) జంగ్లీఘాట్‌లో తెలుగు వినపడితే ఉలిక్కిపడకండి. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. "మీల్స్ ఎక్కడ దొరుకుతాయి బాబాయ్?" అని మనం అడిగితే దారి చూపించి, "ఈ వానల్లో వచ్చారేటి? జనవరిలో రావాల్సింది" అని జాలిపడతారు. జనవరిలో మన పిల్లలకు రివిజన్ పరీక్షలుంటాయని వాళ్లకెలా తెలుస్తుంది? పైగా ఆ నెలలో రిసార్ట్ రేట్లు ఎక్కువ.