స్టాప్‌వాచ్‌కి మర్యాద నేర్పేదెవరు?

కారు పందేల్లో కాలాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. ఇంత సూక్ష్మబుద్ధి గల యంత్రానికి ఒక్క సంగతి మాత్రం పట్టదు. స్టీరింగు వెనక కూర్చున్నది ఆడా, మగా అని అది అడగదు. కారు గీత దాటిందా లేదా, ఎప్పుడు దాటింది, అంతే. హెల్మెట్ లోపల జడ ఉందో మీసం ఉందో చూసి నాలుగు సెకన్లు అటూఇటూ సర్దుదామన్న లోకజ్ఞానం దానికి లేదు. ఈ అమర్యాద వల్ల మగజాతికి దశాబ్దాలుగా జరుగుతున్న నష్టాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం విచారకరం. సదరు గడియారం మీద ఫిర్యాదు నమోదు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆడవాళ్ళు స్కూటీని బ్రేకుతో కాక కాళ్ళతో ఆపుతారన్న శాస్త్రీయ సత్యాన్ని మన వాట్సాప్ గ్రూపులు ఏనాడో నిరూపించాయి. ఫ్రాన్సు వాళ్ళు ఇంకా ముందే మేలుకుని దాన్ని నిబంధనల్లోకి ఎక్కించారు. 1955లో లె మాన్ 24 గంటల పందెంలో ఒక కారు జనం మీదికి ఎగిరి ఎనభై మందికి పైగా చనిపోయారు. నడుపుతున్నది మగవాడు. మగవాళ్ళను పందేల నుంచి నిషేధించాలని ఎవరికీ తోచలేదు, తోచకపోవడమే సబబు. స్విట్జర్లాండ్ మాత్రం తొందరపడి సర్క్యూట్ పందేలనే మొత్తం నిషేధించింది. ఆడా మగా తేడా లేకుండా నిషేధించడం పరిపాలన అనిపించుకోదు. మరుసటి ఏడాది రీమ్స్‌లో అనీ బూస్కే అనే డ్రైవరు ప్రమాదంలో మరణించింది. ఇక్కడ మాత్రం తర్కం చకచకా నడిచింది. ఒక స్త్రీ పోయింది కాబట్టి స్త్రీలెవరూ లె మాన్‌లో నడపకూడదు. 1971లో మరీ క్లోడ్ బోమాన్ కార్వెట్ కారులో వచ్చేదాకా ఆ గేటు తెరుచుకోలేదు.

నిషేధానికి ముందు పరిస్థితి ఎంత ప్రమాదకరంగా ఉండేదో ఒక్క ఉదాహరణ చాలు. 1932లో ఒడెట్ సికో అనే ఆవిడ ఆల్ఫా రోమియో 6సీ 1750లో, ఒక మగ సహడ్రైవరుతో కలిసి, లె మాన్‌లో మొత్తం మీద నాలుగో స్థానంలో వచ్చింది. రెండు లీటర్ల తరగతి కూడా గెలుచుకుంది. ఇలాంటివి జరుగుతూ ఉంటే ఆడవాళ్ళ భద్రత గురించి ఎవరికి దిగులు కలగదు?

నిషేధం పోయాక మిగిలిన ఆయుధం బలం. ఆడవాళ్ళకు స్టీరింగు తిప్పే బలం ఉండదని పెద్దలంటారు. పవర్ స్టీరింగ్ అనే దుర్మార్గపు పరికరం ఈ వాదనను సగం చంపేసింది. మిగతా సగాన్ని బ్రేకు పెడల్ కాపాడుతుందని ఆశపడ్డాం, కాస్త లోతుగా చూస్తే అదీ నమ్మించి మోసం చేసింది. మొన్నమొన్నటి దాకా నడిచిన జీటీఈ తరగతి స్పోర్ట్స్ కార్లలో, చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ ఉండేది కాదు. వేగం మీద ఉన్నప్పుడు గాలి కారును రోడ్డుకేసి అదుముతుంది, టైర్లకు పట్టు ఎక్కువ. అందుకని మొదటి తొక్కు గట్టిగా పడాలి, దానికి కాలి బలం కావాలి, నిజమే. వేగం తగ్గే కొద్దీ ఆ అదుము పోతుంది, పట్టు తగ్గుతుంది. అప్పుడు పాదాన్ని పిసరు పిసరుగా వదులుతూ రావాలి. వదలడం ఆలస్యమైతే చక్రం బిగుసుకుని టైరు ఒకచోట చదునుగా అరిగిపోతుంది. ఇక అక్కణ్ణుంచి ప్రతి చుట్టుకూ స్టీరింగు వణుకుతుంది, కళ్ళ ముందు రోడ్డు అదురుతుంది, చివరికి టైర్లు మార్చడానికి పిట్‌లోకి, అంటే రోడ్డు పక్కన జట్టు కాచుకుని ఉండే చోటికి, రావలసిందే. అంటే తొక్కడానికి ఒక లెక్క బలం చాలు, అసలు విద్యంతా వదలడంలో ఉంది. పట్టుకున్నది వదలడం మగవాళ్ళకు మొదటి నుంచీ ఇబ్బందే కాబట్టి ఈ చర్చను ఇంకా పొడిగించడం మనకు క్షేమం కాదు.

తర్వాతి వాదన ఎత్తు. గంటల తరబడి సాగే ఓర్పు పందేల్లో ఒకే కారును ముగ్గురో నలుగురో వంతులవారీగా నడుపుతారు. ఆరడుగుల మనిషి దిగిన సీట్లో అయిదడుగుల మూడంగుళాల మనిషి ఎలా కూర్చుంటుంది? ఇప్పటి చాలా జీటీ కార్లలో సీటు అసలు జరగదు, ఛాసిస్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. పెడళ్ళూ స్టీరింగూ ముందుకీ వెనక్కీ జరుగుతాయి. పొట్టివాళ్ళకు ఆ పైన సీట్ ఇన్‌సర్ట్ అని ఒకటి పోస్తారు. రెండు రసాయనాలు కలిపిన ద్రవాన్ని సంచిలో పోసి సీట్లో పెడతారు, డ్రైవరు పూర్తి రేసింగ్ సూటులో దాని మీద కూర్చోవాలి. అది వేడెక్కుతూ పొంగి, ఒంటి ఆకారానికి గట్టిపడుతుంది. ఆ పావుగంటా చేతులు స్టీరింగు మీద, కాళ్ళు పెడళ్ళ మీద ఉంచి కదలకుండా ఉండాలి. మధ్యలో ఫోను చూడ్డానికి ఒంగితే భుజం ఎముక కింద గడ్డలా ఒక ముద్ద మిగిలిపోతుంది. గ్యారేజీలో అది తెలియదు. పందెంలో ముప్పావుగంట గడిచాక మేకులా దిగుతుంది. అడుగున ఎక్కువ పోస్తే హెల్మెట్ పైకప్పు గొట్టాలకు దగ్గరవుతుంది, వెనక ఎక్కువ పోస్తే మోకాళ్ళు స్టీరింగుకు తగులుతాయి. ఇదీ ఎత్తు సమస్య. ఒక సంచి, ఒక పావుగంట, అంచులు చెక్కడానికి ఒక కత్తి.

డ్రైవరు మారే తంతు కూడా మన పరువుకు భంగకరంగానే ఉంటుంది. కారు ఆగగానే దిగే మనిషి బెల్టుల బకిల్ తిప్పి, రేడియో తీగ, నీళ్ళ గొట్టం, హెల్మెట్‌కి చల్లగాలి తెచ్చే పైపు ఊడదీసి, తన ఇన్‌సర్ట్ ఉంటే దాన్నీ లాక్కుని బయటపడాలి. ఎక్కే మనిషి తన ఇన్‌సర్ట్ విసిరి దాని మీద కూలబడాలి. ఇక దిగిన మనిషే లోపలికి ఒంగి బెల్టులు బిగించాలి. ముందు కాళ్ళ మధ్య పట్టీలు, తర్వాత నడుము, ఆఖర్న మెడకు రక్షణగా ఉండే హాన్స్ పరికరం మీదుగా భుజాల పట్టీలు. కాళ్ళ పట్టీ ఇన్‌సర్ట్ కింద చిక్కుకుంటే మళ్ళీ లేవాలి. భుజం పట్టీ హాన్స్ మీంచి జారితే చూసుకోకుండా పంపడానికి లేదు. హడావిడిలో రేడియో తీగ మరిచిపోతే గంటసేపు జట్టు అరుపులు ఎవరికీ వినిపించవు, కొందరు డ్రైవర్లకు అదొక వరమే. ఇందులో మగతనం అవసరమయ్యే ఘట్టం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

ఇక అసలు నిందితురాలి సంగతి. పేరు సబీన్ ష్మిట్జ్, 1969లో పుట్టింది, జర్మనీలో న్యూర్‌బర్గ్‌రింగ్ అనే రేసు సర్క్యూట్ పక్కన పెరిగింది. ఇంట్లోవాళ్ళది హోటలు. ఆమె చదువూ హోటలు పనే. వంటింటికి దగ్గరగా ఉండాల్సిన మనిషి రేసు రోడ్డుకి దగ్గరగా ఉండటమే మొదటి పొరపాటు. ఆ రోడ్డు పేరు నార్డ్‌ష్లైఫె. పొడవు 20.8 కిలోమీటర్లు, మలుపులు 73, అడవి మధ్యన కొండ ఎక్కుతూ దిగుతూ పోతుంది. 24 గంటల పందెంలో దీనికి కొత్త సర్క్యూట్ కూడా కలిపి చుట్టు పాతిక కిలోమీటర్లవుతుంది. ఒక కొసన ఎండ, ఇంకో కొసన వాన, అర్ధరాత్రి పొగమంచు. వంద దాటిన కార్లలో సగం నెమ్మదివి, సగం వేగమైనవి, అన్నీ ఒకే దారిలో.

ఇక్కడ తప్పులు ఎలా జరుగుతాయో తెలిస్తేనే ఆమె నేరం తీవ్రత అర్థమవుతుంది. ఎండలో రోజూ కార్లు పోయే దారి నునుపెక్కి, టైరు రబ్బరు అంటుకుని ఉంటుంది. వాన పడితే అదే దారి సబ్బు పూసినట్టవుతుంది, అప్పుడు దాన్ని వదిలి బయటి గరుకు తారు మీద పోవాలి. అభిమానులు తారు మీద రాసే పేర్ల రంగు తడిస్తే మరీ జారుడు. ఫుక్స్‌రోరె దగ్గర పల్లంలోకి దూకుతున్నట్టు దిగి, అడుగున సస్పెన్షన్ మొత్తం నలిగిపోయే చోట స్టీరింగు నిటారుగా ఉండాలి, ఏ మాత్రం వంకర ఉన్నా కారు పక్కకు విసిరేస్తుంది. ఫ్లూగ్‌ప్లాట్జ్ దగ్గర మిట్ట మీద కారు తేలికవుతుంది, మిట్ట ఎక్కేలోపే దాన్ని సరిచేసుకోవాలి, ఎక్కాక చేసేదేమీ లేదు. కారుసెల్ మలుపులో కారును కాంక్రీటు గుంటలోకి దించాలి. వేగం ఎక్కువైతే కారు గుంట అంచు మీంచి బయటకు ఎగబాకుతుంది. ఇవన్నీ పుస్తకంలో చదివి రాసే పరీక్షలు కావు. ఈవిడ ఏళ్ళ తరబడి బీఎండబ్ల్యూ వాళ్ళ రింగ్ టాక్సీలో టిక్కెట్టు కొన్న ప్రయాణికులను ఇదే దారిలో తిప్పింది. మొత్తం చుట్లు ఇరవై వేలు దాటాయని తనే లెక్క చెప్పింది.

ఫలితం ఊహించిందే. 1996లో యోహనెస్ షైడ్ జట్టు బీఎండబ్ల్యూ ఎం3లో న్యూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల పందెం గెలిచింది. తరగతి బహుమతీ కాదు, ప్రోత్సాహక బహుమతీ కాదు, మొత్తానికి మొదటి స్థానం. అప్పటి రికార్డుల్లో ఆమె పేరు సబీన్ రెక్ అని ఉంటుంది. పొరపాటున జరిగి ఉంటుందని లోకం సర్దిచెప్పుకునేలోపు 1997లో మళ్ళీ గెలిచింది. 1998లో అక్కడి వీఎల్ఎన్ ఓర్పు పందేల టైటిలూ పట్టుకుపోయింది.

దీనికి పురుష పండితులు ఇచ్చిన వివరణ చారిత్రాత్మకం: "ఆవిడ అక్కడే పెరిగింది కాబట్టి దారి తెలుసు." అదే ఊళ్ళో అదే దారి తెలిసిన మగవాణ్ణి రింగ్ నిపుణుడంటారు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా. నిన్నటిదాకా ఆడవాళ్ళు బలం చాలక ఓడిపోతారన్నవాళ్ళలో ఒకాయన, 2005లో అమెరికా ఇండీకార్ పందేల్లో ఒకమ్మాయి వేగంగా పోయేసరికి, ఆమె బరువు తక్కువ కాబట్టి ఇది అన్యాయమన్నాడు. బలహీనత అడ్డంకిగా ఉన్నంతకాలం ప్రకృతి ధర్మం, లాభంగా మారితే నిబంధనల ఉల్లంఘన.

అదే 2005లో సబీన్ మరో ఘాతుకానికి పాల్పడింది. అంతకు ముందు ఏడాది బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత జెరెమీ క్లార్క్‌సన్ ఆమె శిక్షణలో, డీజిల్ జాగ్వార్‌లో నార్డ్‌ష్లైఫెని 9 నిమిషాల 59 సెకన్లలో చుట్టొచ్చాడు. పది నిమిషాల లోపని ఆయన సంబరపడుతుంటే, ఆ టైము తను వ్యానులో కొడతానంది ఈవిడ. సరుకులు మోసే ఫోర్డ్ ట్రాన్సిట్ డీజిల్ వ్యాను తెచ్చారు. ఎత్తు ఎక్కువ, బరువంతా పైన, మలుపులో ఒక పక్కకు పడవలా ఒరుగుతుంది, కొండ దిగుడులో బ్రేకులు కాగిపోతాయి. అందులో ఆవిడ 10 నిమిషాల 8 సెకన్లు తీసుకుంది. గమనించండి, ఓడిపోయింది! తొమ్మిది సెకన్ల తేడాతో, ఒక జాగ్వార్ సాయంతో, మగజాతి పరువు నిలబడింది. ఈ విజయాన్ని ఏటా ఎందుకు జరుపుకోమో తెలియదు.

ఈమె ఒక్కతే అయితే సర్దుకుపోదుం. 1980లోనే దక్షిణాఫ్రికాకు చెందిన డెజిరే విల్సన్, అలన్ డి కాడనే కలిసి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మోంజా 1000 కిలోమీటర్ల పందెం, సిల్వర్‌స్టోన్ 6 గంటల పందెం గెలిచారు. డెన్మార్క్ అమ్మాయి క్రిస్టినా నీల్సన్ అమెరికాలో ఇమ్సా ఓర్పు పందేల జీటీడీ తరగతి టైటిల్ 2016లోనూ 2017లోనూ గెలిచింది. వరసగా రెండుసార్లు గెలవడం మర్యాదస్తులకు తగని పని.

బలం, ఎత్తు, బరువు అన్నీ చేతికి రాకుండా పోయాక మనకు మిగిలిన ఏకైక నమ్మకమైన అడ్డుగోడ డబ్బు. దీన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవాలి. ప్రపంచ మోటారు సమాఖ్య డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని విభజిస్తుంది. ప్రపంచ ఓర్పు పందేల జీటీ తరగతిలో ముగ్గురి జట్టులో ఒక బ్రాంజ్ ఉండి తీరాలి. సాధారణంగా ముప్పై దాటాక పందేల్లోకొచ్చిన, పెద్ద రికార్డు లేని మనిషి బ్రాంజ్ అవుతాడు. జట్టు ఖర్చు చాలాసార్లు ఆయనే భరిస్తాడు. ఆయనకు ఈ రంగం పెట్టిన ముద్దుపేరు జెంటిల్‌మన్ డ్రైవర్. సొంత డబ్బుతో సీటు కొనుక్కుంటే జెంటిల్‌మన్. ఆడమనిషి స్పాన్సర్‌ను తెచ్చుకుంటే "మార్కెటింగ్ కోసం పెట్టుకున్నారు". అప్పుచేసి పెళ్ళిచేస్తాం గానీ కూతురికి కార్టింగ్ అనే బుల్లి కార్ల పందేలకు టైర్లు కొనమని ఎవరు మాత్రం ఇంట్లో అడగగలరు? పిల్లలు ఏడెనిమిదేళ్ళకే కార్టింగ్ మొదలుపెడతారు, అక్కడే సగం మంది అమ్మాయిలు రాకుండా ఆగిపోతే ఇరవై ఏళ్ళ తర్వాత "ఏరీ మీవాళ్ళు?" అని మనం నిశ్చింతగా అడగొచ్చు. ఇంతకంటే చవకైన నిషేధం లేదు, దీనికి నిబంధన రాయక్కర్లేదు, ఎవరూ కోర్టుకెళ్ళరు.

ఈ గోడకి కూడా కన్నం పడింది. ఐరన్ డేమ్స్ అని ముగ్గురూ ఆడవాళ్ళే ఉన్న జట్టు. అందులో బ్రాంజ్ డ్రైవరు సారా బోవీ 2022లో మోంజాలో తన తరగతిలో పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నిలబడి పందెం మొదలుపెట్టే చోటు, కొట్టింది, ప్రపంచ ఓర్పు పందేల్లో ఒక స్త్రీకి అదే మొదటిది. 2023లో పందేల ముందు టైర్లు వేడి చేసే ఓవెన్లను నిషేధించారు. పిట్ నుంచి చల్లటి టైర్లతో బయటికొస్తే మొదటి చుట్టులో పట్టుండదు, స్పా పందెంలో కొందరు మేటి మగవాళ్ళే గోడలకు కొట్టుకునేసరికి లె మాన్ పందెం ఒక్కదానికి ఓవెన్లు తిరిగి ఇచ్చారు. ఆ ఏడాది నవంబరులో బహ్రెయిన్ 8 గంటల పందెంలో, ఓవెన్లు లేకుండానే, బోవీ, మిషెల్ గాటింగ్, రహెల్ ఫ్రే గులాబీ రంగు పోర్షె 911 ఆర్ఎస్ఆర్‌లో తమ తరగతి గెలిచారు. ఆ కారు రంగు గురించి మగవాళ్ళకు చాలా అభ్యంతరాలున్నాయి. ఎక్కువసేపు వెనకనుంచి చూడాల్సి వచ్చినందువల్ల కావచ్చు.

సబీన్ 2021 మార్చిలో క్యాన్సర్‌తో పోయింది, వయసు 51. ఆ ఏడాదే నార్డ్‌ష్లైఫె మొదటి మలుపుకు ఆమె పేరు పెట్టారు. చివరి మలుపుకు పెట్టినా పోయేది, అక్కడిదాకా రాకుండానే సగంమంది ఆగిపోతారు. మొదటిదానికి పెట్టడంతో, ఆడవాళ్ళ డ్రైవింగు మీద గట్టి అభిప్రాయాలున్న పెద్దమనిషి కూడా టిక్కెట్టు కొని, గేటు దాటి, మొదటి మలుపులో ఆవిడ దగ్గరే బ్రేకు వేయాల్సి వస్తోంది.