పోయినేడాది లాస్ట్ ర్యాంక్ లిస్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎప్‌సెట్ లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ గారి దివ్య సముఖమునకు,

హన్మకొండ నయీంనగర్‌లో జిరాక్స్, నెట్ సెంటర్ పెట్టుకుని, వానాకాలమంతా మీ ప్రింట్ల మీదే బతికేవాడు రాసుకుంటున్న విన్నపం.

ముందుగా కృతజ్ఞతలు. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ మొదలైందంటే మా షాపులో ఆధార్ కాపీల కన్నా, కులం సర్టిఫికెట్ల కన్నా మీకే గిరాకీ. పేజీకి ఇంత అని తీసుకుంటూ మిమ్మల్ని ఒక మాట అనడం ఉప్పు తిని ద్రోహం చేయడమే అంటుంది మా ఆవిడ. అయినా అనాల్సినవి కొన్ని ఉన్నాయి.

మీరు చెప్పేది నిజానికి చాలా చిన్న సంగతి. ఫలానా కాలేజీలో, ఫలానా బ్రాంచిలో, ఫలానా కేటగిరీలో పోయినేడు చివరగా సీటు దొరికిన పిల్ల ర్యాంకు ఇది. అంతే. ఈ ఏడు కూడా ఇంతే అని మీరెక్కడా అనలేదు. కానీ మిమ్మల్ని చేతిలో పట్టుకుని పక్కవాళ్లు అంటుంటే మీరు కిక్కురుమనరు చూడండి, నా బాధంతా అక్కడే.

ఒకరోజు నర్సంపేట దిక్కు రైతు ఒకాయన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. మీ ప్రింటు తీసుకుని గడి గడికీ వేలు పెట్టి చదివాడు. "గా కాలేజీల సీఎస్ఈ పోయినేడు గీడ్నే ఆగింది. మా బిడ్డది దానికంటే ఐదారు వందలు ఎక్కువున్నది. రాదు తియ్యే అన్నా, ఆప్షన్ పెట్టకు" అన్నాడు. ఆయన ఎనుమాముల మార్కెట్లో ఏటా మిర్చి అమ్మే మనిషి. పోయినేడు ఇదే రోజున పలికిన ధరే ఇస్తానని అడ్తిదారు అంటే కాంటా దగ్గరే కొట్లాట పెట్టుకుంటాడు. ఈ రోజు ఎన్ని బస్తాలు దిగాయి, కోల్డ్ స్టోరేజీల్లో ఎంత సరుకుంది, బయటి నుంచి ఆర్డర్లు ఉన్నాయా అని నలుగురిని అడిగితే గానీ ధర నమ్మడు. అలాంటి మనిషి మిమ్మల్ని మాత్రం ఒక్క చూపుకే నమ్మేశాడు. గడులు గీసి, అంకెలు వేసి, పైన ప్రభుత్వం ముద్ర ఉంటే ఎంత గట్టివాడైనా మెత్తబడతాడు.

ఆప్షన్ పెట్టడానికి వేరే పైసా ఖర్చు లేదు సార్. ప్రాసెసింగ్ ఫీజు 1200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600, ఒక్కసారి కట్టేదే. ఆ తర్వాత ఎన్ని కాలేజీలు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో వస్తూ, ఒక్కొక్కరి దగ్గర ఆగి, వాళ్లు రాసిన ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తుంది. ఏది ఖాళీ ఉంటే అది ఇస్తుంది. పైన పెద్ద కాలేజీ రాసినంత మాత్రాన కిందిది చేజారదు. అత్యాశకు శిక్ష లేని చోటు మన రాజ్యంలో బహుశా ఇదొక్కటే. అక్కడ కూడా మిమ్మల్ని చూసి జనం తమ పిల్లల ఆశను తామే కొట్టేస్తున్నారు.

ఆయన టీ తాగడానికి బయటికి పోయినప్పుడు ఆ పిల్లను అడిగాను, నీకేది కావాలని. ఆ కాలేజీయే కావాలంది. ఒకటో నంబరులో తన చేత్తోనే పెట్టుకుంది. సీటు వచ్చిందా లేదా అన్నది ఇక్కడ చెప్పను. చెబితే దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఎవరో ఇంకో లిస్టు తయారు చేస్తారు.

ఇంకో విచిత్రం మీకు తెలుసో లేదో. పోయినేడు మీకు భయపడి ఒక కాలేజీని అందరూ వదిలేశారనుకోండి, అక్కడ సీటు ఇంకా వెనక ర్యాంకు దాకా దిగుతుంది. ఆ దిగిన ర్యాంకే ఈ ఏడు మీలో అచ్చవుతుంది. అది చూసి, ఇక్కడ ఈజీగా వస్తుందట అని ఊరంతా ఎగబడుతుంది. సీట్లు ముందే అయిపోతాయి. నమ్మినవాళ్లు నోరెళ్లబెడతారు. అంటే మిమ్మల్ని చదివినవాళ్లే మిమ్మల్ని అబద్ధం చేస్తున్నారు. ఇందులో మీ తప్పేమీ లేదు, ఒప్పుకుంటాను.

మీ చిన్న గడుల సంగతి మాత్రం మాట్లాడుకోవాలి. 60 సీట్ల బ్రాంచిలో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా 70 శాతం తీస్తే 42. అందులో బీసీ-సీ వాటా 1 శాతం. నిండా ఒక్క సీటు కూడా కాదు. సీట్ల వంతులు తేల్చే రోస్టర్ పుణ్యమా అని ఎప్పుడైనా ఒకటి పడితే అందులో ఒక పిల్ల చేరుతుంది. ఇల్లు దగ్గరని చేరిందో, స్నేహితురాలు చేరిందని చేరిందో ఎవరికి తెలుసు. కానీ ఆ పిల్ల ర్యాంకు మరుసటి ఏడు ఆ కేటగిరీ వాళ్లందరికీ లక్ష్మణరేఖ! ఇక సివిల్, మెకానికల్ సీట్లు మిగిలిపోయే కాలేజీల్లో మీరు చూపే అంకె అసలు గేటే కాదు. ఆ తర్వాత వచ్చిన వాళ్లెవరూ అడగలేదు కాబట్టి అక్కడ ఆగింది, అంతే. తలుపు తీసే ఉంది. అయినా, ఇక్కడ కూడా మనకు రాదంటూ తల్లిదండ్రులు నా కంప్యూటర్ ముందు కూర్చుని నిట్టూరుస్తారు.

పైగా మీరు ఒక్కరు కారు. మొదటి విడత మీరు వేరు, చివరి విడత మీరు వేరు. కాజీపేట నుంచి వచ్చే మేనమామలు ఈ రెండింటినీ కలిపి చదివి ఇంట్లో గొడవలు పెడతారు. 2025 నుంచి, అసలు సీట్లు ఇచ్చే ముందు నమూనాగా చూపే మాక్ అలాట్‌మెంట్ కూడా వచ్చింది. దాన్ని చివరి విడత లిస్టు పక్కన పెట్టి, మన పోరనికి అన్యాయం జరిగిందని పళ్లు కొరికినవాళ్లను చూశాను.

మీరు ఏటా వెడల్పవుతుంటారు, ఏ4 కాగితంలో పట్టరు. దానికి కారణాలున్నాయి, కానీ జనం ఆ కారణాలను చూడరు, అంకెను మాత్రమే చూస్తారు. ఇప్పటికీ కొందరు 2019లో సీటు కొట్టిన అన్న ర్యాంకుతో వాదిస్తారు. అప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా ఏళ్లలో పక్కన పెట్టి, 2023లో పూర్తిగా ఎత్తేశారు. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది. 2024 దాకా ఎస్సీ అని ఒకే కాలమ్. 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ అమల్లోకి వచ్చాక మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలుగా. ఆ ఏడు పాత ప్రింటు తెచ్చి ఎస్సీ కాలమ్‌లో వేలు పెట్టిన పిల్లలకు ఏమని చెప్పాలి? వాళ్లు వెతికే గడే లేదు. స్థానిక కోటా పోను మిగిలే అన్‌రిజర్వుడు 15 శాతంలో ఆంధ్ర పిల్లలకు ఉన్న అవకాశం కూడా రాష్ట్ర విభజనప్పుడు పెట్టిన పదేళ్ల గడువు తీరి ఆ ఏటి నుంచే పోయింది. 2024-25 నుంచి, ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ బ్రాంచిల్లో సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. ఇన్ని మారినా మీ అంకె కింద చిన్న గీత కూడా ఉండదు, ఇది పాత లెక్కల మీద వచ్చిన అంకె అని.

మీ చుట్టం నీట్ కటాఫ్ అయితే మీకన్నా ఘనుడు. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ చేసే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మా వరంగల్లోనే ఉంది కాబట్టి ఆయనతోనూ పరిచయమే. 2024లో మొదట ఇచ్చిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరించాక 17 మంది మిగిలారు. మరుసటి ఏడు దేశం మొత్తంలో ఫస్ట్ ర్యాంకుకే 686. మధ్యలో పేపర్ ఎంత మారిందో చూడకుండా, పోయినేడు ఇన్ని మార్కులకే సీటు రాలేదని ఆ ఏడు ఇంట్లో తిండి మానేసిన పిల్లలున్నారు. ములుగు, నర్సంపేటల్లో 2024లో కొత్త మెడికల్ కాలేజీలు వచ్చినప్పుడు ఇంకో తమాషా. వాటికి పోయినేడాదే లేదు కదా, ఎంతకు ఆగుతుందో తెలియని కాలేజీని ఎట్ల పెట్టాలని ఒక పెద్దమనిషి నన్నే నిలదీశాడు.

మీకు పుట్టిన ప్రిడిక్టర్ యాప్‌ల గురించి ఎక్కువ రాయను. ర్యాంకు కొడితే నూటికి ఇంత ఛాన్స్ అని చెబుతాయి. ఫోన్ నంబర్ ఇస్తే గానీ చెప్పవు. ఆ రాత్రి నుంచే మేనేజ్‌మెంట్ సీటు కావాలా అని ఫోన్లు మొదలవుతాయి. ఛాన్స్ ఎవరిదో అప్పుడు తెలుస్తుంది.

అన్నీ తిట్లే రాశానని నొచ్చుకోకండి. పెద్ద కాలేజీల్లో, ఎక్కువ సీట్లున్న బ్రాంచిల్లో మీ మాట చాలావరకు నిలుస్తుంది. మూడేళ్ల చివరి విడత లిస్టులు పక్కపక్కన పెట్టుకుని, అంకె ఎటు కదులుతోందో, ఎంత ఊగుతోందో చూసేవాళ్లు మా షాపుకీ వస్తారు. వాళ్లు చివర్లో పెట్టాల్సిన భద్రమైన కాలేజీలను మీ సాయంతోనే వెతుక్కుంటారు, పైన మాత్రం మనసుకు నచ్చినవి రాసుకుంటారు. అలాంటి వాళ్లు తక్కువ. వాళ్లకు ప్రింటు రేటు కూడా తగ్గిస్తాను.

కాబట్టి నాదొక చిన్న కోరిక. వచ్చేసారి వెబ్‌సైట్‌లోకి వచ్చేటప్పుడు మీ నెత్తిన పెద్దక్షరాల్లో రెండు ముక్కలు వేయించుకు రండి: ఏ ఏడాది, ఏ విడత, ఎన్ని సీట్లకు, ఏ రిజర్వేషన్ లెక్కతో. అధికారులు ఒప్పుకోకపోతే నేనే రబ్బరు స్టాంపు చేయించి గుద్దుతాను, దానికి పైసలు తీసుకోను.

ఇట్లు,
మీ ఉప్పు తినే జిరాక్స్ సెంటర్ వాడు,
నయీంనగర్.

తా.క.: ఇది రాస్తుండగానే ఒకాయన వచ్చి మిమ్మల్ని లామినేషన్ చేయమన్నాడు. ఏటా మారే కాగితానికి లామినేషన్ ఎందుకన్నా అన్నాను. "చిన్నోడు ఇప్పుడు తొమ్మిది చదువుతున్నడు, వాని టైముకు పనికొస్తది" అన్నాడు. చేసి ఇచ్చాను.