పేరు లేని వాయుగుండాలే ముంచుతున్నాయి

అమెరికా వారి జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ వాతావరణ నమూనా రోజుకు నాలుగుసార్లు ప్రపంచ వాతావరణాన్ని 16 రోజుల ముందు వరకు లెక్కగట్టి వదులుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ లెక్కలో పదో రోజున మచిలీపట్నం దగ్గర తుపానులాంటి ఎర్రటి సుడి ఒకటి కనిపిస్తే చాలు, గంట తిరిగేలోగా ఆ బొమ్మ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఆరు గంటల తర్వాత వచ్చే లెక్కలో సుడి ఒడిశాకు జరుగుతుంది. మర్నాడు మయన్మార్ వైపు పోతుంది. ఆ పై రోజు అసలు ఉండదు. మొదటి బొమ్మ మాత్రం వారం దాకా ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

దీనికి, సొంతంగా పటాలు చదివి సోషల్ మీడియాలో వాన కబురు చెప్పే వాతావరణ ఔత్సాహికులందరినీ ఆడిపోసుకోవడం న్యాయం కాదు. వారిలో నిఖార్సయినవారు పదో రోజు బొమ్మను పట్టించుకోరు. రాడార్ చూసి 'మరో రెండు గంటల్లో ఫలానా మండలంలో పిడుగులతో వాన' అని తేట తెలుగులో చెబుతారు. కల్లంలో ధాన్యం ఆరబోసుకున్న రైతుకు ఆ ఒక్క వాక్యం చాలు. అధికారిక ప్రకటనల్లోని 'అక్కడక్కడ ఒక మోస్తరు నుంచి భారీ వర్షాలు' అనే మాటతో అతనికి ఒరిగేదేమీ లేదు. నా తగవు వేరే చోట ఉంది. ఔత్సాహికులైనా, టీవీ చానళ్లయినా, ప్రభుత్వ యంత్రాంగమైనా ప్రమాదాన్ని కొలిచేది ఒకే నిచ్చెనతో. ఆ నిచ్చెన కొలిచేది గాలిని. మనల్ని ముంచుతున్నది నీరు.

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను... ఈ మెట్లన్నీ కేంద్రం చుట్టూ వీచే గాలి వేగాన్ని బట్టి నిర్ణయించినవే. గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను, అప్పుడే పేరు. పేరు వచ్చాక సెలవులు, ప్రత్యేక అధికారులు, తీరంలో మైకులు పట్టుకున్న విలేఖరులు. ఈ మెట్లలో ఎక్కడా ఎంత వాన పడుతుందన్న లెక్క లేదు.

2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం ఒకటి తీరం దాటింది. దానికి పేరు లేదు. ఆ సాయంత్రం నుంచి హైదరాబాద్‌లో కురిసిన వానకు బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదయ్యాయి. చెరువుల కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 2021 నవంబరు 19న చెన్నైకి దక్షిణాన తీరం దాటింది వాయుగుండం మాత్రమే. ఆ రోజే రాయలసీమలో చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి.

2024 సంగతి మరీ చిత్రం. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో ఊపిరి పీల్చుకున్నారు. అక్కడికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ ఇళ్లలో పీకల్లోతు నీళ్లు నిలిచాయి. ప్రకాశం బరాజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయింది. అటు ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది. ఇందులో వింతేమీ లేదు. నైరుతి రుతుపవన కాలపు వాయుగుండంలో అసలు వాన కేంద్రానికి నైరుతి దిశలోనే కురుస్తుంది. కళింగపట్నానికి నైరుతిన ఉన్నది విజయవాడే. పటాలు చదివేవారికి ఇది ఓనమాలతో సమానం. అయినా అందరి చూపూ 'తీరం ఎక్కడ దాటుతుంది' అన్న చుక్క మీదే నిలిచింది.

ఇప్పుడు పేరున్న వాటిని చూడండి. 2013 నవంబరులో లెహర్ సముద్రంలో అతి తీవ్ర తుపాను స్థాయికి పెరిగి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా నీరసించింది. 2022 మేలో అసని కూడా తీవ్ర తుపానుగా హడలగొట్టి, ఒడ్డుకొచ్చేసరికి బలం కోల్పోయింది. అందుకని తుపానును తేలిగ్గా తీసుకోమని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి ఏమి చేయగలదో విశాఖ చూసింది. వాతావరణ శాఖ రాడారే దెబ్బతిని మూగబోయింది. కానీ 1977 దివిసీమలో, అధికారిక లెక్క ప్రకారమే పది వేల మంది వరకు చనిపోయిన ఆ రాత్రి, ఎక్కువ ప్రాణాలు తీసింది ఉప్పెనే. అంటే అప్పుడూ నీరే.

వాతావరణ మార్పు గురించిన వాదులాట కూడా ఈ నిచ్చెన దగ్గరే తప్పుదారి పడుతోంది. ఒక పక్షం ప్రతి తుపానుకూ భూతాపాన్నే కారణం చేస్తుంది. రెండో పక్షం 'మా తాతల నాడు తుపానులు రాలేదా' అంటుంది. బంగాళాఖాతంలో తుపానుల సంఖ్య పెరగలేదన్నది నిజం. అరేబియా సముద్రంలో పెరుగుదల కనిపిస్తోందన్నదీ నిజం. సంఖ్య చూసి గెలిచామనుకునేవారు మరిచే భౌతిక సూత్రం ఒకటుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. ఆ ఆవిరి పేరున్న తుపానులోకే వెళ్లాలన్న నియమం లేదు. నింపాదిగా కదిలే వాయుగుండంలోకీ చేరుతుంది, ఒకే ఊరి మీద రాత్రంతా కుమ్మరిస్తుంది. సముద్ర మట్టం పెరిగేకొద్దీ రేపు అదే గాలికి వచ్చే ఉప్పెన ఇంకాస్త లోపలికి వస్తుంది. తీరం కోతతో ఏటా రోడ్డు పోగొట్టుకునే ఉప్పాడ దగ్గర ఇంకాస్త అంటే ఎంతో చెప్పాల్సిన పని లేదు.

ఎండల విషయంలోనూ ఇదే జాడ్యం. మేలో రెంటచింతలా రామగుండమా అని పందెం, డిసెంబరులో లంబసింగిలో సున్నా డిగ్రీలంటూ పండగ. 'సాధారణం కంటే 2 డిగ్రీలు ఎక్కువ' అని చదివినప్పుడు ఆ సాధారణం 30 ఏళ్ల సగటు అనీ, పదేళ్లకోసారి కొత్త లెక్క వస్తుందనీ, ఆ కొలబద్దే వేడెక్కుతోందనీ ఎందరు గమనిస్తారు? ఉక్కపోతలో రాత్రి కూడా 30 డిగ్రీలకు దిగని బందరులో ముసలివారికి మధ్యాహ్నపు రికార్డు కంటే ఆ రాత్రే ఎక్కువ ప్రమాదం. కనిష్ఠ ఉష్ణోగ్రత పతాక శీర్షిక కావడం నేను చూడలేదు, లంబసింగిలో తప్ప.

ఔత్సాహికుల దగ్గర ప్రభుత్వానికి లేని బలం ఒకటుంది. ఏ ఊరి నుంచైనా ఎవరో ఒకరు వాన ఫొటో పంపిస్తారు. ఆ వలయం ఇప్పుడు ఆకాశాన్ని మాత్రమే చూస్తోంది. వాన ఎన్ని సెంటీమీటర్లన్న అంకె పక్కన, వాగు వంతెనకు ఎన్ని అడుగుల దిగువన ఉందో కూడా పంపించమని అడిగితే ఇచ్చేవారు ఉన్నారు. ఎగువన మైలవరంలో పడ్డ వాన బుడమేరులోకి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటల్లో సింగ్ నగర్‌లో మంచం పట్టిన మనిషిని మేడ మీదికి చేర్చవచ్చు.