నా మణికట్టు మీది అణుగడియారం వారికి బహిరంగ లేఖ

సౌరతేజోపజీవులు, వజ్రశరీరులు, ఆరు దేశాంతర కేంద్రాల తరంగాలను ఆలకించగల శ్రవణదక్షులు, ఏడు నెలలుగా నా ఎడమ మణికట్టు మీద వేంచేసి ఉన్న చేతి గడియారం వారి సముఖానికి, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నివాసి అయిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమేనా అని అడగవలసిన పని లేదు. సిమెంటు గచ్చు మీద పడినా తమకు ఏమీ కాదని, రెండు వందల మీటర్ల లోతు నీటి ఒత్తిడికి తట్టుకుంటారని తమతో పాటు వచ్చిన చిన్న పుస్తకమే చెబుతోంది. క్షేమం సంగతి కనుక్కోవలసింది నా గురించి. మొన్న మంగళవారం ఉదయం పది గంటల నుంచి నేను క్షేమంగా లేను.

సికింద్రాబాదులో మా మేనకోడలి కూతురికి గురువారం అన్నప్రాసన. బుధవారం రాత్రి రైలుకు ఏసీ తత్కాల్ మంగళవారం ఉదయం సరిగ్గా పదింటికి తెరుచుకుంటుందని, పది దాటిన మరుక్షణం నుంచి బెర్తులు పుష్కరాలలో పులిహోర పొట్లాల్లా మాయమవుతాయని ఈ దేశంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పేర్లు, వయసులు ముందే ఎక్కించి ఉంచుకొని, మౌసు మీద వేలు పెట్టి, కంప్యూటరు తెర మీద కాలం చూడడం నామోషీ అనుకొని, తమ ముఖారవిందం వైపే చూస్తూ కూర్చున్నాను. తమరు 9 గంటల 59 నిమిషాల 10 సెకన్లు అని సెలవిచ్చారు.

"ఏవండీ, నా ఫోనులో పదయిపోయింది," అంది మా ఆవిడ.

"నీ ఫోనుదేముంది? దీనికి అణుగడియారం నుంచి రేడియోలో కబురు వస్తుంది. లక్షల ఏళ్లకు కూడా సెకను తప్పదు," అన్నాను.

తమరు పది కొట్టారు. నేను నొక్కాను. వెయిటింగ్ లిస్టు 38 అని వచ్చింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ మాట్లాడకుండా లేచిపోయిన సందర్భాలు నాకు గుర్తున్నంత వరకు మూడే, ఇది నాలుగోది. ఆ తరువాత ఫోనును, తమరిని పక్కపక్కన పెట్టి చూస్తే తమరు ఒక నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు వెనుకబడి ఉన్నారని తేలింది.

ఇంతవరకు "తమరు" అన్నాను. ఇక నా నోరు తిరగడం లేదు. నువ్వు అంటాను.

ఆ సాయంత్రమే నిన్ను దాబాగార్డెన్స్‌లో గడియారాలు బాగుచేసే ఒక పెద్దమనిషి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని నిన్ను తిప్పి తిప్పి చూసి, "ఇందులో లోపం లేదండి. రేడియో కబురు అందకపోతే ఇదీ మామూలు క్వార్ట్జ్ గడియారమే. నెలకు పదిహేను సెకన్ల దాకా తేడా రావచ్చని కంపెనీవాళ్లే రాసిచ్చారు," అన్నాడు. నేను జేబులోంచి కలం తీసి లెక్క వేశాను. ఏడు నెలలకు తొంభై ఎనిమిది సెకన్లు, అంటే నెలకు పద్నాలుగు. నువ్వు నన్ను మోసం చేసింది కూడా నిబంధనలకు లోబడి, గ్యారంటీ కాగితం దాటకుండా! నీలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుందట. అన్నిసార్లు కంపించేది ఒక్కసారైనా సిగ్గుతో కంపించి ఉండవలసింది.

మరి ఆ రేడియో కబురు ఎందుకు అందలేదు? నీకు కబురు పంపగల స్తంభాలు లోకంలో ఆరు ఉన్నాయి. జపానులో రెండు, ఒకటి ఫుకుషిమాలో 40 కిలోహెర్ట్జ్ మీద, రెండోది క్యూషూలో 60 మీద. చైనాలో షాంగ్‌చియు దగ్గర 68.5 మీద ఒకటి. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్, ఇంగ్లండులో ఆన్‌థార్న్, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ఫోర్ట్ కాలిన్స్. నిన్ను కొన్న మా మేనల్లుడు ఉండేది ఆ కొలరాడోలోనే. అక్కడ నువ్వు ప్రతి అర్ధరాత్రీ స్తంభం మాట విని తెల్లారేసరికి సెకనుతో సహా దిద్దుకొని ఉండేదానివట. "మావయ్యా, దీన్ని నువ్వు జన్మలో ముట్టుకోనక్కరలేదు," అని వాడు నా చేతికి తొడిగినప్పుడు అబద్ధం ఆడలేదు. వాడు చెప్పింది వాడి ఊరి నిజం. ఆ నిజం విమానం దిగేసరికి అబద్ధమైపోయింది.

ఇక్కడికి రాగానే నీకు సొంత ఊరు ఢిల్లీ అని చెప్పాను, ఎందుకంటే ఏ ఊరి కాలం చూపించాలో ఎంచుకొనే నీ జాబితాలో మన దేశానికి దక్కింది ఆ ఒక్క ఊరే. ఢిల్లీ అనగానే నువ్వు రేడియో వినే ప్రయత్నమే మానేశావని నాకు ఏడు నెలల తరువాత తెలిసింది. ఢిల్లీలో అణుగడియారాలు లేక కాదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీసియం పరమాణువు స్పందనలను సెకనుకు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 చొప్పున లెక్కపెట్టి మరీ భారత ప్రామాణిక కాలాన్ని కాపాడుతున్నారు. అయితే నీ చెవికి వినిపించే దీర్ఘతరంగాల మీద ఆ కాలాన్ని చాటే స్తంభం ఈ దేశంలో లేదు. పాపం, నువ్వు వినేదానివే, చెప్పేవాళ్లు లేరు. కానీ చెప్పేవాళ్లు లేరన్న ముక్క నాతో అనవద్దా? తెర మీద ఎక్కడో ఒక మూల "నాకేమీ తెలియదు, నన్ను నమ్మకు" అని రెండక్షరాలు వేసి ఉంటే ఏసీ బెర్తులో పడుకొని వెళ్లేవాళ్లం కదా! తెలియని సంగతిని సెకన్లతో సహా చెప్పడం నువ్వు ఏ ఆఫీసులో నేర్చుకున్నావు?

దుకాణం మెట్లు దిగుతుంటే నాకు అసలైన మంట పుట్టింది. నేను నిలబడిన ఆ దాబాగార్డెన్స్‌లోనే జమీందారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించుకున్నారు. ఆకాశంలో చుక్కలను చూసి కాలం లెక్కగట్టి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం నిలిపి, ఆ జెండా సంకేతంతో ఊరికీ సముద్రం మీది ఓడలకూ సమయం చాటారు. కళ్లున్నవాడికల్లా కాలం అందింది. బ్యాటరీ లేదు, ఆంటెన్నా లేదు, సొంత ఊరు ఏదని జెండా ఎవరినీ అడగలేదు. నూట ఎనభై ఏళ్ల తరువాత అదే ఊళ్లో, అదే పేటలో, ఇంత ఖరీదైన గడియారం తొడుక్కున్న నేను పది ఎప్పుడయిందో తెలుసుకోలేకపోయాను. పైగా దేశమంతటికీ కాలం నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం మనకు పడమరగా, కాకినాడ దగ్గరలోనే వెళుతోంది. అది పొరుగింట్లో ఉంటే, నువ్వు చైనా వైపు చెవి ఒగ్గాలట.

ఒగ్గించాను కూడా. సొంత ఊరు హాంకాంగ్ అని నీకు అబద్ధం చెబితే షాంగ్‌చియు కబురు కోసం వెతుకుతావని, అదృష్టం ఉంటే రాత్రిపూట అది దూరాలు దాటి వస్తుందని ఎక్కడో చదివి, ఆ రాత్రి ఒంటిగంటకు డాబా ఎక్కి, నీ పన్నెండు అంకె ఈశాన్యాన భీమిలి వైపు ఉండేలా పిట్టగోడ మీద ఆనించి కూర్చున్నాను. మనకూ ఆ స్తంభానికీ మధ్య మూడున్నర వేల కిలోమీటర్ల పైమాటే. అది గట్టిగా వినిపించేది అందులో సగం దూరానికి కూడా కాదు. సముద్రపు గాలి, దోమలు, నీ తెర మీద వెలిగి ఆరే చిన్న గుర్తు. వాచ్‌మన్ పైకి వచ్చి, "ఏటి బాబూ, సిగ్నలు రాట్లేదేటి?" అని అడిగాడు. రావడం లేదన్నాను. "అటుపక్క ట్యాంకు కాడ నిలబడండి, నాకు ఆడే వొస్తాది," అని దారి చూపించి వెళ్లిపోయాడు. వెళ్లి నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తోంది. రెండు గంటలకు నువ్వు తెర మీద "ఎర్రర్" అనే మాటను కూడా పూర్తిగా రాయకుండా మొదటి మూడక్షరాలు రాసి ఊరుకున్నావు.

ఆ డాబా మీదే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయనకు ఒక హెచ్.ఎం.టి. ఉండేది. రోజూ పొద్దున్న దానికి కీ తిప్పి, మరచీల్లాంటి ఆ చిన్న మర బయటికి లాగి పట్టుకొని, ఆకాశవాణిలో వార్తలకు ముందు వచ్చే "పిప్, పిప్" శబ్దాల కోసం శ్వాస బిగబట్టి నిలబడేవారు. చివరి పిప్పు వినిపించిన క్షణంలో మరను లోపలికి నొక్కేవారు. ఆ పది సెకన్లు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. రేడియోతో కాలం దిద్దుకొనే గడియారమంటే అదీ! కాకపోతే అందులో ఆంటెన్నా మా నాన్నగారు.

నిన్ను చేత్తో దిద్దుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. దిద్దుకోవచ్చు. కానీ జన్మలో ముట్టుకోనక్కరలేదని చెప్పి తొడిగిన గడియారాన్ని ముట్టుకోవడానికి నాకు అహం అడ్డొచ్చింది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఇంకా చెప్పాలంటే నీ నాలుగు మీటలలో ఏది ఎంతసేపు నొక్కితే ఏమవుతుందో తెలుసుకోవడం కంటే పెన్షన్ కాగితాలు నింపడం తేలిక. గంటగంటకూ నువ్వు చేసే కూత సింహాచలం గుడి క్యూలో నన్ను పదిమందిలో దోషిగా నిలబెట్టింది. మే నెల ఉక్కపోతలో నీ పట్టీ కింద చేరిన చెమటకు మణికట్టు పొక్కింది. రెండు వందల మీటర్ల లోతు సంగతి సరేసరి, ఆర్.కె. బీచిలో నేను చీలమండ దాటి నీళ్లలోకి దిగి పాతికేళ్లయింది.

నీ ఎండ సంగతి మాత్రం తప్పు పట్టను. విశాఖ ఎండ ఊరికే పోతోందన్న బాధ నాకు ఎప్పుడూ ఉండేది, నువ్వు దాన్ని తిని బతుకుతావు. బీరువాలో చీకట్లో పెడితే కొంతసేపటికి తెర ఆర్పేసుకొని నిద్రపోయి, బయటికి తీసి వెలుతురు చూపగానే ఏమీ జరగనట్టు లేస్తావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లన్నీ చచ్చిపడి ఉన్నప్పుడు నీలాంటిది ఒకటి ఇంట్లో ఉంటే బాగుండేదని నాకు ఇప్పుడు కూడా అనిపిస్తుంది. అప్పుడు నిమిషంన్నర తేడా వచ్చినా ఎవరూ పట్టించుకొనేవారు కాదు.

బుధవారం రాత్రి బస్సులో వెనుక చక్రం మీది సీట్లు దొరికాయి. ముహూర్తం 8 గంటల 42 నిమిషాలకు. మేము గుమ్మం ఎక్కింది 10 గంటల 10 నిమిషాలకు, నీ లెక్కలో ఇంకా పది దాటి ఎనిమిదిన్నర నిమిషాలే. పాయసం నాకించడం అయిపోయింది, పుస్తకం, కలం, బంగారం ముందు పెట్టి పాకించడం అయిపోయింది. నేను చంటిదాన్ని ఎత్తుకోగానే అది నా చేయి లాక్కొని నిన్ను నోట్లో పెట్టుకొని చప్పరించింది. రెండు వందల మీటర్ల సముద్రం కోసం కట్టిన నీ దేహానికి తొలిసారి పని తగిలింది. నువ్వు చలించలేదు. ఆ క్షణంలో నీ మీద కాస్త ఇష్టం పుట్టిన మాట నిజం.

భోజనాలయ్యాక నా గోడు విన్న మేనకోడలి భర్త, "మావయ్యగారూ, అత్తయ్యగారి ఫోను ఇలా ఇవ్వండి," అన్నాడు. అందులో ఏదో యాప్ ఎక్కించి, నీ సొంత ఊరు టోక్యో అని మార్చి, నిన్ను ఫోను స్పీకరుకు ఆనించి పెట్టాడు. ఫోను సన్నగా కీచుమంది. ఆ కీచుకు మూడింతల పౌనఃపున్యం సరిగ్గా ఫుకుషిమా స్తంభపు 40 కిలోహెర్ట్జ్ అవుతుందట. స్పీకరు తీగచుట్టలోంచి అదే నీలోకి దూరుతుందట. నాలుగైదు నిమిషాలు అందరం నీ చుట్టూ కూర్చున్నాం, ఎవరూ దగ్గలేదు. నువ్వు జపానులో ఉన్నానని మురిసిపోయి, కబురు అందిందని తెర మీద చూపించి, ఒక్కసారిగా నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు ముందుకు దూకావు. తరువాత నిన్ను మళ్లీ ఢిల్లీకి మార్చాం.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?" అని అడిగింది మా ఆవిడ. నేను ముందు ఆవిడ ఫోను చూసి, తరువాత నిన్ను చూసి, ఉందన్నాను.

తిరుగు ప్రయాణానికి తత్కాల్ రేపు ఉదయం పదింటికి. మౌసు ఆవిడ చేతిలో ఉంటుంది, ఫోను ఆవిడ ముందు ఉంటుంది. నువ్వు కిటికీ దగ్గర ఎండలో కూర్చొని చూస్తూ ఉండు.

ఇట్లు,
నీ ఎడమ మణికట్టు