ఆధార్ నకలే సమస్తానికీ ఆధారం

ఇంట్లో మంచాన పడిన పెద్దవారిని చూసుకోవడానికి వచ్చే మనిషి అర్హతలను ఎలా పరిశీలించాలన్న విషయంలో హైదరాబాదు మధ్యతరగతి గృహస్థులకు తమదైన ఒక శాస్త్రం ఉన్నది. దానిని ఇంతవరకు ఎవరూ గ్రంథస్థం చేసినట్లు లేదు. మొన్న వేసవిలో మా నాన్నగారు బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం వల్ల ఆ శాస్త్రాన్ని ఆద్యంతం ఆచరించే అవకాశం నాకు లభించింది కనుక, ఇకముందు ఆ అవసరం పడే వారి సౌకర్యార్థం దానిని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఈ శాస్త్రానికి మూలం తొందర. ఆసుపత్రి వారు ఉదయం పదింటికి డిశ్చార్జి అంటారు, ఇన్సూరెన్స్ అనుమతి వచ్చేసరికి సాయంత్రం ఏడవుతుంది, అంబులెన్సు ఇంటి ముందు ఆగేసరికి మాత్రం ఎవరో ఒకరు సిద్ధంగా ఉండి తీరాలి. ఎస్.ఆర్. నగర్‌లోని ఒక ఏజెన్సీకి ఫోను చేశాను. "మీరేం టెన్షన్ పడకండి సార్, మన దగ్గర అందరూ ట్రెయిన్డ్ స్టాఫే" అని అవతలి అబ్బాయి అభయమిచ్చి, వెంటనే అర్హతల పరిశీలన మొదలుపెట్టాడు. అయితే ఆ అర్హతలు నావి. నా ఆధార్, కరెంటు బిల్లు, రిజిస్ట్రేషన్ ఫీజు, నెల అడ్వాన్సు, చివరగా పేషెంటు బరువు అడిగాడు. 82 కిలోలని నిజం చెప్పాను. రేటు పెరిగింది.

ఆ రాత్రి వచ్చిన ఆవిడను మా ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని ఇంటర్వ్యూ చేశాము. మొదటి ప్రశ్న "ఏ ఊరమ్మా?". ఖమ్మం అంటే మా మేనత్త గారి వైపు, శ్రీకాకుళం అంటే పనిమంతులు, నగరంలోనే పుట్టానంటే మాత్రం కొంచెం జాగ్రత్త అవసరమని మా ఇంట్లో ఒక అభిప్రాయం. రెండవ ప్రశ్న నేరుగా అడగడం నాగరికత కాదు కాబట్టి, "మీ ఇంటిపేరేమిటి, మీవాళ్లు పెళ్లిళ్లు ఎలా చేస్తారు" అంటూ ఊరంతా తిరిగి కులం దగ్గరకు చేరుకున్నాము. మూడవది నీచు తింటారా అన్న ప్రశ్న. మంచం మీది మనిషిని ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పాలి అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు, తట్టినా సరైన జవాబు ఏదో సోఫాలో కూర్చున్న మాకెవరికీ తెలియదు.

ఆ తరువాత ఆధార్ నకలు. ఈ కాగితాన్ని నేను తక్కువ చేయడం లేదు. దాని మీద ఉండే క్యూఆర్ కోడును ప్రభుత్వం వారి యాప్‌తో స్కాన్ చేస్తే అసలో నకిలీయో తెలుస్తుందని నాకూ తెలుసు. కానీ ఎదురుగా మనిషి నిలబడి ఉండగా ఫోను తీసి ఆవిడ కాగితాన్ని స్కాన్ చేస్తే మర్యాదగా ఉంటుందా? పైగా అది జిరాక్సుకు జిరాక్సు. కోడు తారు మరకలాగా, ఫొటో అమావాస్య నాటి ఆకాశంలాగా ఉన్నది. స్థూలంగా మనిషి ముఖమేనని నిర్ధారించుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆస్తి పన్ను రసీదుల కింద భద్రపరిచాను. అది మనిషి ఎవరో చెప్పే కాగితమే కాని ఆ మనిషికి ఏమి చేతనవునో, ఇదివరకు ఏమి చేసిందో చెప్పే కాగితం కాదని మా అల్లుడు గొణిగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఇటువంటి సందేహాలు సహజం.

ఆ అబ్బాయే మరో చాదస్తం కూడా ప్రదర్శించాడు. పోలీసువారి హాక్ ఐ యాప్‌లో ఇంట్లో పనిచేసేవారి వివరాలు నమోదు చేయవచ్చునట, చేద్దామన్నాడు. మా ఆవిడ నొచ్చుకుంది. "పాపం, ఆ పిల్ల ఏమనుకుంటుంది?" అన్నది. మా గేటు దగ్గర కొరియర్ కుర్రవాడిని ఫొటో తీసి, ఫ్లాటుకు ఫోను చేసి, ఓటీపీ చెప్పించుకుని, మూడు నిమిషాల కోసం లోపలికి పంపే వ్యవస్థ ఉన్నది. అతడు ఏమనుకుంటాడో అన్న ప్రస్తావన మా సంఘం సమావేశాల్లో ఎన్నడూ రాలేదు. మా నాన్నగారి మందులు, బీరువా తాళాలు, రాత్రి పన్నెండు గంటలు చేతిలో పెట్టే మనిషి విషయంలో మాత్రం మాకు అపారమైన సున్నితత్వం ఉన్నది.

ఇక చదువు. తెల్లకోటు వేసుకున్నవారు మనకు అందరూ సిస్టర్లే. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకున్నవారు నర్సులు. కదిలించడం, స్నానం చేయించడం, తినిపించడం నేర్పే కోర్సు చేసి వచ్చే సహాయకులు వేరు. ఏ కోర్సూ లేకుండా కోటు మాత్రం ఉన్నవారు మరొక రకం. ఏజెన్సీ వారు ఈ మూడు తరగతులనూ సమదృష్టితో చూసి, అందరినీ "స్టాఫ్" అంటారు. నంబరు అడగవచ్చని నాకు తోచలేదు. ఆవిడ చూపించిన సర్టిఫికెట్‌కు లామినేషన్ దిట్టంగా ఉన్నది, బంగారు రంగు ముద్ర ఉన్నది; పది నిమిషాల సేపు అటూ ఇటూ తిప్పి, దీపం వెలుగులో కూడా చూశాను. నోటు దొంగదో కాదో అలా తేలుతుంది కనుక సర్టిఫికెట్ విషయంలోనూ తేలవచ్చునని నా నమ్మకం.

చివరిది పూర్వ యజమానుల సిఫార్సు. "ఇంతకు ముందు ఇల్లు ఎందుకు మానేశావమ్మా?" అని అడిగితే, "పెద్దాయన పోయారు సార్" అన్నది. ఈ వృత్తిలో ఇంతకు మించిన సహజమైన జవాబు లేదు, ఇంతకు మించి విచారణను ఆపగలిగిన జవాబూ లేదు. చివరి ఊపిరి దాకా సేవ చేసిందన్నమాట అని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఎలా పోయారు అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆవిడ ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఒక గొంతు "చాలా మంచిది సార్, కళ్లు మూసుకుని పెట్టుకోండి" అన్నది. ఆ గొంతు ఏజెన్సీ అబ్బాయి గొంతును పోలి ఉండడం యాదృచ్ఛికమని అప్పుడే నిర్ణయించుకున్నాను.

శాస్త్రోక్తంగా జరిగిన ఈ ప్రక్రియకు మూడవ రోజున మా పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ భంగం కలిగించారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. నాన్నగారిని పలకరించడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. మూత్రం సంచి మంచం తలవైపు కొక్కేనికి ఉట్టి మీద పాలకుండలాగా వేలాడుతున్నది. అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి పారి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆవిడ సంచిని కిందికి దించి, ఫ్రిజ్ లోంచి ఇన్సులిన్ సీసా తెచ్చి, "ఏమ్మా, దీనికి ఏ సిరంజి?" అని అడిగారు. "ఏదైనా ఒకటే కదమ్మా" అన్నది తెల్లకోటు. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు, నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే సీసాకు. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలోకి లాగితే వేయవలసిన దానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అంతకు ముందు రెండు రోజులు ఏ సిరంజి వాడారో మేము ఇప్పటికీ చర్చించుకోము.

ఏజెన్సీ వారు ఒప్పందం ప్రకారం రీప్లేస్‌మెంట్ పంపారు. ఈసారి వచ్చిన మనిషికి కోటు లేదు, సర్టిఫికెట్ లేదు, సిఫార్సు నంబరు లేదు. ఆరేళ్లుగా ఇళ్లల్లో చేస్తున్నానన్నది. "ఇన్సులిన్ నేను వేయను సార్, అది నర్సు పని, మీరే ఎవరినైనా పిలిపించుకోండి" అని ముందే చెప్పింది. మా శాస్త్రం ప్రకారం ఈ ఒక్క మాటతోనే ఆవిడను తిరస్కరించాలి. పై అంతస్తు ఆవిడ మాత్రం ఆ మాట విని, ఈమెను వదులుకోవద్దన్నారు. ఆ రాత్రి లేచి చూస్తే, రెండు గంటలకొకసారి అలారం పెట్టుకుని నాన్నగారిని పక్కకు తిప్పుతున్నది. వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూస్తున్నది.

ఈమె మమ్మల్ని కూడా పరీక్షించిందని చెప్పకపోతే నివేదిక అసంపూర్ణమవుతుంది. తాను ఎక్కడ పడుకోవాలి, ఆ గదికి లోపలి గడియ ఉన్నదా, అన్నం ఎన్నింటికి పెడతారు, ఇంట్లో తాగేవారు ఎవరైనా ఉన్నారా అని నిలబడే అడిగింది. చివరి ప్రశ్నకు మా బావమరిది టీవీ సౌండు పెంచాడు. ఏజెన్సీకి మేము కట్టే దానిలో ఆమె చేతికి ఎంత వస్తుందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాలుగు నెలలు గడిచాయి. గేటు పాసు రెన్యువల్ కోసం ఆధార్ నకలు కావాలని సంఘం వారు అడిగితే, ఆస్తి పన్ను రసీదుల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాను. అది మొదటి ఆవిడది. రెండవ మనిషి కాగితం అడిగి తీసుకోవడమే మరిచిపోయాను. సంఘం పుస్తకంలో, గేటు యాప్‌లో, పాసు మీద ఇన్నాళ్లూ మూడు రోజులకే వెళ్లిపోయిన ఆవిడ పేరే ఉన్నది. ఫొటో చూసి ఎవరికీ అనుమానం రాలేదు, రావడానికి అందులో ముఖం ఉంటే కదా. సంగతి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. వాచ్‌మన్ రోజూ ఆ పేరు పెట్టే పిలుస్తున్నాడట, ఆమె పలుకుతున్నదట.