మా పచ్చిక కింద కాపురమున్న లీకు గారికి

మహారాజశ్రీ భూగర్భ లీకు గారికి,

గుంటూరు, అమరావతి రోడ్డు నుంచి మీ మాజీ ఇంటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, మా ఆవిడ, ప్రెషర్ పంపు అందరం క్షేమం. ముఖ్యంగా పంపు ఈ మధ్య రాత్రిళ్లు హాయిగా నిద్రపోతోంది. మీరు అక్కడ క్షేమమని తలచే అవకాశం మాత్రం నాకు లేదు. హాక్సా బ్లేడు పట్టుకుని మీకు అటు అరడుగు, ఇటు అరడుగు కోసింది నేనే కదా. మీరున్న ఆ పైపు ముక్క షెడ్డులో, పాత పెయింటు డబ్బా మీద ఉంది. పారేయడానికి మనసొప్పలేదు.

నిందలకు ముందు ఒక బాకీ ఒప్పుకోవాలి. గుంటూరు ఎండల్లో పచ్చిక పెంచడమే ఒక రకం పైత్యం. మా నాన్నగారు ఉండి ఉంటే ఆ మూడు సెంట్లలో గోంగూర, దొండపాదు వేసి వీధి వీధంతటికీ పంచేవారు. నేను ఉద్యోగ విరమణ డబ్బుతో అక్కడ గడ్డి పరిపించి, మూడు వరుసల స్ప్రింక్లర్లు పెట్టించాను. గడ్డి సగం ఎండింది, సగం ఎండబోతోంది. అలాంటి చోట, పారిజాతం మొక్క పక్కన, మీరు వెలిశారు. మొదట పళ్లెమంత పచ్చదనం. సంక్రాంతికి పీటంత. శివరాత్రికి నులకమంచమంత.

ఆ పచ్చదనం నా ప్రతిభేననుకున్నాను. వచ్చిన చుట్టాన్నల్లా అక్కడికి నడిపించాను. వర్మీకంపోస్టు ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో పక్కింటి బ్యాంకు మేనేజరు గారికి ఉపన్యాసమిస్తే, ఆయన పాపం క్యాలెండరు కాగితం వెనుక రాసుకున్నారు. కుక్కగొడుగులు మొలిస్తే నేల సారానికి నిదర్శనమన్నాను. అడుగు పెడితే కాలు మెత్తగా దిగుతుంటే పరుపులా ఉందని మురిసిపోయాను. ఇన్ని ఆనవాళ్లు వదిలిన దొంగను నేనెప్పుడూ చూడలేదు. ఇన్ని చూసి కూడా పట్టుకోలేని పోలీసును మాత్రం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తూనే ఉన్నాను.

మిమ్మల్ని పట్టించింది పంపు. మేడ మీది ట్యాంకు నుంచి దిగే నీటికి పది మీటర్ల ఎత్తుకు ఒక బారు ఒత్తిడి వస్తుంది. స్ప్రింక్లరు తల ఎత్తి సరిగ్గా చిమ్మాలంటే రెండు బార్లు కావాలి. మా ఇంటి మీద ఇంకో ఇల్లు కట్టే స్తోమత లేక ప్రెషర్ పంపు పెట్టించాను. లైనులో ఒత్తిడి పడిపోతే తనంతట తానే లేచి, నింపి, ఆగిపోవడం దాని పని. అన్ని కుళాయిలూ కట్టేసి ఉన్న నడిరాత్రి అది ఏడు నిమిషాలకొకసారి బుర్రుమని దగ్గడం మొదలుపెట్టింది. మా ఆవిడ గోడ గడియారం చూసి లెక్క కట్టింది. దెయ్యమైతే ఇంత క్రమశిక్షణ ఉండదని కూడా తేల్చింది.

మొదటి అనుమానం బాత్రూములోని ఫ్లష్ ట్యాంకు మీదికి పోయింది. ఏ ఇంట్లోనైనా నీళ్ల దొంగతనానికి పాత నేరస్తుడు అదే. బట్టలకు పెట్టే నీలం రెండు చుక్కలు ట్యాంకులో వేసి అరగంట కూర్చున్నాను. కింద గిన్నెలోకి నీలం దిగలేదు. నిర్దోషి. తర్వాత తోటకు వెళ్లే బాల్ వాల్వు తిప్పి కట్టేశాను. పంపు గప్‌చుప్. తెరిచాను, ఏడు నిమిషాలకు దగ్గు. మీ చిరునామా అప్పుడు తెలిసింది, గది నంబరు తెలియలేదు.

ఆ రాత్రి వాల్వు తెరిచి ఉంచి, పది గంటలకు మేడెక్కి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీశాను. పొద్దున ఆరింటికి చూస్తే జానెడు దిగింది. మా ట్యాంకు అడ్డుకొలతకు అది దాదాపు 190 లీటర్లు. ఎనిమిది గంటలకు అంతైతే రోజుకు 570. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రోజుకు 28 మీకు ముట్టజెప్పాను. ఏడాది లెక్క రెండు లక్షల లీటర్లు దాటింది. ఆ కాగితం మా ఆవిడ కంట పడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో టీవీలో చదువుతారు. మీకు గేటు లేదు, వార్త లేదు, దిగువన ఎవరికీ హెచ్చరిక లేదు. అంత గుట్టుగా సంసారం నడిపిన మీ నేర్పుకు మాత్రం నమస్కరించాలి.

మిమ్మల్ని వెదికే తొందరలో ఒక అమాయకుడిని హింసించాను. గేటు పక్కన, పల్లంలో ఉన్న స్ప్రింక్లరు వరుస ఆపేసిన తర్వాత కూడా కాసేపు కారుతుంటుంది. దొరికాడనుకుని విప్పి, సీలు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. మళ్లీ కారింది. నిజానికి ఆ వరుస పైపులో మిగిలిన నీళ్లన్నీ వాలుకు దిగి, అన్నిటికంటే కిందున్న తలలోంచి పోతున్నాయి, అంతే. పది నిమిషాల్లో ఆగిపోతుంది. లోపల నాన్ రిటర్న్ వాల్వు ఉన్న తల పెడితే అదీ ఉండదు. ఆయనకు క్షమాపణ చెప్పి, అలాంటిది తెప్పించి పెట్టాను.

కూర్చుని ఆలోచిస్తే విషయం చిన్నదే. స్ప్రింక్లర్లు ఆపేశాక వరుసల్లోని పైపులకు ఒత్తిడి ఉండదు. అక్కడ పగులుంటే నీళ్లు పెట్టినప్పుడే కారాలి, రాత్రంతా కాదు. ఒక్కో వరుసకు నీళ్లు తెరిచి మూసే కరెంటు వాల్వులో రబ్బరు పొర కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా నీళ్లు దాటిపోతాయి కానీ, అప్పుడు ఆ వరుసలో ఏదో ఒక తల తెల్లవారేసరికి తడిసి ఉండాలి. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా నడిచి తడిమి చూశాను. అన్నీ పొడిగా ఉన్నాయి. మిగిలింది పంపు నుంచి వాల్వుల పెట్టె దాకా వెళ్లే అసలు లైను, పద్దెనిమిది అడుగులు. ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడిలో ఉండేది అదొక్కటే. అది పారిజాతం దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మలుపు మీదే నా నులకమంచం.

అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. రోడ్డు మీద లారీల చప్పుడు తగ్గాక, రాత్రి రెండింటికి, ఇనుప ఊచ అరడుగు నేలలోకి దించి రెండో కొసకు చెవి ఆనించాను. సుయ్‌మని సన్నగా, పాలు పొంగబోయే ముందు వినిపించే లాంటి మోత. అదే మీ గొంతు వినడం. వరండాలోంచి మా ఆవిడ, "ఏమండీ, లోపలెవరైనా పలుకుతున్నారా?" అంది. పలుకుతున్నారన్నాను.

పొద్దున్నే పలుగూ పారా పట్టాం. ఒకటిన్నర అడుగు దిగేసరికి నల్లరేగడి పాయసంలా ఉంది. గుంతను పైపు కంటే ఇంకో జానెడు లోతు చేసి, నీళ్లు చెంబుతో తోడి పోశాక మీ దర్శనమైంది. పైపును మలుపు తిప్పే ఎల్బో మెడ మీద వెంట్రుకంత గీత. గోటికి కూడా తగలదు. పంపు వేస్తే అందులోంచి గాజు రేకులా నీటి పొర లేచింది. దీనికా నేను వర్మీకంపోస్టు కొన్నది!

ప్లంబరు వచ్చి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, లాగి ముడివేసి, "ఇక పదేళ్లు చూడక్కర్లేదండీ" అన్నాడు. మూడో రోజు రాత్రి పంపు మళ్లీ దగ్గింది. ఆ పదేళ్లు అంత త్వరగా గడిచిపోతాయనుకోలేదు.

రెండో విడత సవ్యంగా చేశాం. పగిలిన చోటే తవ్వితే పైపు చలించదు, కొత్త ఎల్బో ఎక్కదు. రెండు వైపులా ఇంకో రెండడుగులు తవ్వితేనే అది కాస్త వంగి దారి ఇస్తుంది. కోసిన కొసలు గీకి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడిచి, సొల్యూషను రాసి, కప్లింగులతో కొత్త ముక్క కలిపి, మర్నాటి దాకా నీళ్లు వదలకుండా ఉంచాం. అతుకు ఆరకముందే పంపు వేసి చూడాలన్న దురద ప్లంబరుది. బాల్ వాల్వు పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఆరాక, వరుసల చివరి తలలు విప్పి, లోపల చేరిన బురదంతా పోయేదాకా నీళ్లు వదిలాం. గుంతను వెంటనే పూడ్చలేదు. ఒత్తిడి పెట్టి ఒక పూట చూశాకే మట్టి.

మీ పుట్టుక గురించి కూడా ఒక మాట. మా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. ఏడాదికొకసారి అది పైపును అటూ ఇటూ గుంజుతుంటే, దెబ్బ పడేది మలుపులోని అతుకు మీద. అందుకే పైపు చుట్టూ ఇసుక పరచాలి. పని మొదట్లో ప్లంబరు ఒక ఆటో ఇసుక అడిగాడు. దండగన్నాను. ఈ సంగతి మీకూ నాకూ ప్లంబరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాత్రం ఒకటికి రెండు ఆటోలు దింపించాను.

మీరు వెళ్లిన పదిహేను రోజులకు నులకమంచం పసుపు రంగుకు తిరిగి, మిగతా గడ్డిలో కలిసిపోయింది. నిన్న సాయంత్రం మేనేజరు గారు ప్రహరీ మీదుగా తొంగి చూసి, "అయ్యో, ఏమైందండీ, కంపోస్టు మానేశారా?" అని పరామర్శించారు. తర్వాత తన వైపు చూపించారు. నేను చెప్పినట్టే వేశారట. మందారం పక్కన పీటంత మేర ముదురు పచ్చగా మెరిసిపోతోంది. ఆయన ముఖంలోని వెలుగు నాకు బాగా తెలిసిన వెలుగే. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆయనకూ లైను వేసింది మా ప్లంబరే. ఇసుక అడిగితే దండగని చెప్పమని సలహా ఇచ్చింది నేనే.

ఇంతకీ, వారి పంపు మా పడకగది గోడకు అవతలే ఉంటుంది. రాత్రి ఇరవై నిమిషాలకొకసారి దగ్గింది. అక్కడ కాపురమున్నది మీ తమ్ముడు గారా?

ఇట్లు,
మీ మాజీ యజమాని